ఆగబోయే లిఫ్టులో బరువు

నా మనవరాలు సరైన జవాబు రాసింది. దానికి మార్కు వెయ్యలేదు. తప్పు జవాబు రాసినవాళ్లందరికీ వేశారు.

ఆ ఒక్క మార్కు తక్కువైందని పిల్లని మొదటి సెక్షన్ నుంచి లేపి రెండో సెక్షన్‌లో కూర్చోబెట్టారు. పంజగుట్టలో ఆ కోచింగ్ సెంటరు వాళ్ల పద్ధతి అది. ఆదివారం పరీక్ష, సోమవారం మార్కులు, మంగళవారం పొద్దున పిల్లలు సంచులు భుజానేసుకుని ఈ గది నుంచి ఆ గదికి వలస. నెలాఖరుకి సెక్షన్లు ఖరారైపోతాయి. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎక్కడివాళ్లు అక్కడే. మొదటి సెక్షన్‌కి చెప్పే ఫిజిక్సు సారు రెండో సెక్షన్ గుమ్మం తొక్కడు. నెలాఖరుకి ఇంకా రెండు వారాలే ఉంది.

ప్రశ్న ఇది. ఒక లిఫ్టు పైకి పోతున్నది, పై అంతస్తులో ఆగబోతున్నది. లోపల బరువు చూసుకునే మిషన్ మీద నిలబడ్డ మనిషి బరువు ఎట్లా కనిపిస్తుంది? ఎక్కువా, తక్కువా, ఉన్నంతేనా, సున్నానా? పిల్ల ‘తక్కువ’ అని పెట్టింది. వాళ్ల జవాబుల కీలో ‘ఎక్కువ’ అని ఉంది.

ఇంకో ప్రశ్న అయితే ఊరుకునేవాణ్ణేమో. ఊరుకునేవాణ్ణి కాదు గానీ, కనీసం అన్నం తినేదాకా ఆగేవాణ్ణి. లిఫ్టు అనేసరికి సగంలో లేచి కంచంలో చెయ్యి కడుక్కున్నాను. అమీర్‌పేటలో ఒక ఆరంతస్తుల కాంప్లెక్సులో ఇరవై తొమ్మిదేళ్లు లిఫ్టు నడిపాను నేను. ఆగబోయే లిఫ్టులో ఏమవుతుందో నా అరికాళ్లకు తెలిసినంతగా ఈ పట్నంలో ఎవరి బుర్రకూ తెలియదని నా నమ్మకం. ఇది గొప్ప అనుకుంటే అనుకోండి.

నా చదువు ఐదో తరగతి. మా ఊళ్లో బడి అంతవరకే ఉండేది, నేనూ అంతవరకే ఉన్నాను. పట్నం వచ్చి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఆ లిఫ్టులో స్టూలు మీద కూర్చున్నాను. కింద రెండంతస్తులు బట్టల షాపులు, మీదివన్నీ కోచింగ్ సెంటర్లే. పొద్దున ఆరున్నర నుంచి పిల్లలు పుస్తకాలు తెరుచుకునే ఎక్కేవాళ్లు. పరీక్ష రోజైతే లిఫ్టంతా జపమే. బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగం. మొదట్లో అవి నాకు మంత్రాల్లాగానే వినబడేవి. ఒకరోజు ఉండబట్టలేక ఒక పిల్లవాణ్ణి అడిగాను, త్వరణం అంటే ఏంది నాయనా అని. రెండో అంతస్తు దాటుతుంటే చెప్పడం మొదలుపెట్టాడు, ఐదు వచ్చేసరికి దిగిపోయాడు. మిగతాది దిగేటప్పుడు ఇంకొకడు చెప్పాడు, మొదటివాడు చెప్పింది తప్పని.

అట్లా ఎక్కేటప్పుడు ఒక ప్రశ్న, దిగేటప్పుడు ఒక ప్రశ్న. నా క్లాసు ఆరంతస్తుల పొడుగు. తర్వాత అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తెలుగు మీడియం తొమ్మిదీ పదీ భౌతికశాస్త్రం పాత పుస్తకాలు కొనుక్కుని స్టూలు మీద కూర్చుని చదివాను. అట్టల మీద ఎవరో పిల్లలు గీసిన మీసాల బొమ్మలు ఇంకా ఉన్నాయి.

చదివినకొద్దీ నాకు కోపం వచ్చింది. ఇంత మామూలు సంగతిని ఇంత బెదిరించి చెప్తారా అని. బోరబండ నుంచి అమీర్‌పేటకి సిటీ బస్సులో నిలబడి వచ్చేవాడికి జడత్వం గురించి వేరే చెప్పాలా? డ్రైవరు బ్రేకు కొడితే బస్సు ఆగుతుంది, మనం ఆగం. ముందు సీట్లో పెద్దమనిషి ఒళ్లో పోయి పడతాం. కదులుతున్న బస్సు దిగేవాడు బస్సు పోయే దిక్కుకే నాలుగడుగులు పరుగెత్తాలని నాకు మొదటి వారమే ఒక కండక్టరు తిట్టి మరీ నేర్పాడు. ఆయన తిట్లలో ద్రవ్యవేగం అంతా ఉంది, పేరు ఒక్కటే లేదు. లిఫ్టు రిపేరుకి వచ్చే మెకానిక్ ఇంకో వింత చూపించాడు. లిఫ్టుకి అవతలివైపు ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి, లిఫ్టు దిగితే అవి పైకి పోతాయి. కాబట్టి ఖాళీ లిఫ్టు కిందికి రావాలంటేనే మోటారుకు కష్టం, ఆ దిమ్మెల్ని ఎత్తాలి గనక. ఈ ముక్క చెప్పి ఎంతమంది ఎమ్మెస్సీలతో వాదన పెట్టుకున్నానో లెక్కలేదు. అందులో ఒకాయన నాలుగో అంతస్తు దగ్గర “స్టూలు మీద కూర్చునేవాడికి ఎందుకయ్యా ఇవన్నీ” అన్నాడు. నీలం గీతల చొక్కా. ఇప్పటికీ కనిపిస్తే గుర్తుపడతాను.

మనవరాలు అంటే నా కూతురి బిడ్డ. మేమందరం బోరబండలో ఒకే ఇంట్లో ఉంటాం. చిన్నప్పుడు వాళ్లమ్మ పనికి పోతే పిల్ల సెలవులన్నీ నా లిఫ్టులోనే. కళ్లు మూసుకుని పై అంతస్తు ఎప్పుడొచ్చిందో చెప్పడం మా ఇద్దరి ఆట. బయలుదేరేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి. మధ్యలో ఏమీ తెలియదు, లిఫ్టు కదులుతున్నట్టే ఉండదు. పైన ఆగబోయే ముందు కడుపు కాస్త పైకి తేలినట్టవుతుంది, అప్పుడు “వచ్చె!” అని అరవాలి. ఆరేళ్ల పిల్ల ఒక్కసారీ తప్పేది కాదు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ పిల్లకి ఆ ప్రశ్నలో సున్నా.

కంచం దగ్గర నుంచి లేచి నేను కేకలేస్తుంటే పిల్లకి ఏ చలనమూ లేదు.

“తాతా, నువ్వు లొల్లి చెయ్యకు. వచ్చేసారి ‘ఎక్కువ’ అని పెడ్త. మార్కు వస్తది.”

“ఎట్ల పెడ్తవ్ బిడ్డా? అది తప్పు.”

“కీలో ఏముంటే గదే కరెక్టు. మాకు షార్ట్‌కట్ చెప్పిండ్రు. అప్ అంటే ప్లస్, డౌన్ అంటే మైనస్. నేనే అనవసరంగ ఆలోచించిన.”

“నీ కాళ్లకు ఏమనిపిస్తదో గది చెప్పు.”

“కాళ్లకు మార్కులెయ్యరు తాతా.”

ఈ మాటకి నాకు నిద్ర పట్టలేదు. సెక్షన్ పోతే పోయింది, మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆలోచించినందుకు పిల్ల తనని తానే తిట్టుకుంటున్నది. నేను చేతులు కట్టుకుని కూర్చుంటే వచ్చే ఆదివారం తెలిసి తెలిసి తప్పు రాసి, మార్కు తెచ్చుకుని, అదే చదువు అనుకుంటుంది.

తెల్లవారి తెల్లకాగితం మీద ఉత్తరం రాశాను. లిఫ్టు పైకి పోవడం వేరు, పైకి పోయే వేగం పెరగడం వేరు. ఆగబోయేటప్పుడు లిఫ్టు వేగం తగ్గుతుంది, మనిషి ఒళ్లు మాత్రం అదే వేగంతో పైకి పోదామని చూస్తుంది, కాబట్టి కాళ్లు నేలని నొక్కడం తగ్గుతుంది, కాబట్టి మిషన్ తక్కువ చూపిస్తుంది. ఇంతే రాశాను. కోపం ఎక్కడా రాయలేదు, చివర్లో కొంచెం తప్ప.

పంజగుట్ట పోయి కౌంటరులో ఇచ్చాను. అక్కడున్న అమ్మాయి మర్యాదగానే చూసింది.

“పేరెంట్ రావాలండీ.”

“నేను పేరెంటుకు పేరెంటును.”

ఆ అమ్మాయి నవ్వి ఉత్తరం తీసుకుని ఒక ట్రేలో పెట్టింది. నాలుగు రోజుల తర్వాత పోతే ఉత్తరం అదే ట్రేలో ఉంది, దాని మీద ఎవరిదో టీ గ్లాసు మచ్చ. రెండో ఉత్తరం రాసి ఇచ్చాను. ఈసారి ఈమెయిల్ పెట్టమన్నారు. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర కూర్చుంటే బ్రాంచి ఇన్‌ఛార్జి సారు బయటకి వచ్చారు. కోస్తా మనిషి, టై కట్టుకున్నాడు, పాపం మంచివాడే.

“ఏంటండీ పెద్దాయనా, పొద్దుట్నించీ కూర్చున్నారంట?”

చెప్పాను. ఆయన వినలేదని అనను, విన్నాడు. విని అన్నాడు, “కీ తయారు చేసింది మా సీనియర్ సారండీ, మొదటి సెక్షన్‌కి ఫిజిక్సు చెప్పేది ఆయనే. పాతికేళ్ల అనుభవం.”

“నాది ఇరవై తొమ్మిది.”

“ఎందులో అండీ?”

“లిఫ్టుల.”

కౌంటరు అమ్మాయి కంప్యూటరు వెనక్కి వంగిపోయింది.

“చూడండి, మీరు ఫీలవుతున్నారు గానీ, థియరీ వేరు, మనకి అనిపించేది వేరు” అన్నాడు ఇన్‌ఛార్జి. “ప్రూఫ్ ఏదన్నా ఉంటే తీసుకురండి, సారుకి చూపిద్దాం.”

నన్ను వదిలించుకుందామని అన్న మాట అది. నేను మాత్రం వదల్లేదు.

మా పక్కవాటాలో ఒకతను రోజూ బరువు చూసుకుంటాడు, అతని దగ్గర అంకెలు కనబడే మిషన్ ఉంది. అది సంచిలో పెట్టుకుని నేనూ పిల్లా అమీర్‌పేట మెట్రో స్టేషన్ లిఫ్టు ఎక్కాం. పిల్ల దాని మీద నిలబడింది. నలభై ఏడు. లిఫ్టు లేచింది, ఆగింది, అంకె మాత్రం నలభై ఏడే. దిగాం, మళ్లీ ఎక్కాం. నలభై ఏడు. వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి చూసి, “బరువు తగ్గాల్నంటే లిఫ్టు కాదు, మెట్లెక్కాలె బిడ్డా” అని సలహా ఇచ్చింది. పిల్లకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక తట్టింది. ఆ మిషన్ ఒకసారి బరువు పట్టుకుందంటే అంకెని బిగించేస్తుంది, మళ్లీ దిగి ఎక్కితే తప్ప కదలదు. మనకి కావలసింది ముల్లు. ఊగే ముల్లు. ముల్లున్న కాంటా మా గల్లీలో ఎవరి దగ్గరుంది? పాత పేపర్లు కొనే అతని దగ్గర. కొక్కెం, మధ్యలో స్ప్రింగు, కింద ఇంకో కొక్కెం.

“తమ్మీ, నీ కాంటా ఒక్క పూట కావాలె.”

“ఎందుకన్నా, నువ్వు సుత దందా పెడ్తున్నవా?”

“భూమి ఎంత గుంజుతదో చూడాలె.”

అతను బండి ఆపి, “మస్తు గుంజుతది, నాకెరికే, రోజంతా గీ బండి తోస్త” అని కాంటా ఇచ్చాడు. మరునాడు మధ్యాహ్నంలోగా తెచ్చియ్యాలని షరతు.

ఐదు కిలోల ఉల్లిగడ్డలు సంచిలో కట్టాను. తెల్లవారి పదకొండింటికి పంజగుట్టలో వాళ్ల బిల్డింగు లిఫ్టు ముందు నేను, కాంటా, ఉల్లిగడ్డలు. పిల్లకి అప్పుడే ఇంటర్వెల్. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. నేను పైకి కబురు పంపితే ఇన్‌ఛార్జి దిగి వచ్చాడు.

“ఈ ఉల్లిపాయలేంటండీ?”

“మీరు అడిగిన ప్రూఫ్.”

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరైనా పేరెంట్స్ చూస్తారేమోనని కాబోలు, గబగబా లిఫ్టు ఎక్కేశాడు. ఆయన వెనక పిల్ల, పిల్ల వెనక తన స్నేహితురాళ్లు నలుగురు, ఒక కొరియర్ అతను. కాంటా కొక్కెం రెండు చేతులా పట్టుకుని ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాను. సంచి కింద వేలాడుతున్నది. ముల్లు ఐదు మీద. అందర్నీ చూడమన్నాను. ఆరో అంతస్తు నొక్కారు.

లేచీ లేవగానే ముల్లు ఐదు దాటి కిందికి జారింది, ఐదున్నర దగ్గర దగ్గర. “చూశారా, ఎక్కువ!” అన్నాడు ఇన్‌ఛార్జి. “ఆగండి సార్” అన్నాను. రెండో అంతస్తు దాటేసరికి మళ్లీ ఐదు. మూడో అంతస్తు, నాలుగోది, ఐదోది దాటినా ముల్లు కదల్లేదు. లిఫ్టులో అందరి తలలూ నా ఛాతీ దగ్గరే ఉన్నాయి. నేను కళ్లు మూసుకున్నాను. కడుపు తేలింది.

“వచ్చె!” అన్నాను.

నాతోపాటే ఇంకో గొంతు అన్నది, “వచ్చె!” అని. పిల్లది. కళ్లు తెరిచి చూస్తే ముల్లు నాలుగున్నర మీద ఉంది. లిఫ్టు ఆగింది, ముల్లు ఐదుకి వచ్చి నిలబడింది. ఎవరూ దిగలేదు. కొరియర్ అతను నాలుగో అంతస్తులో దిగాల్సినవాడు, “ఇంకోపారి కొట్టుండ్రి అన్నా, నేను సక్కగ చూడలే” అన్నాడు.

నాలుగుసార్లు ఎక్కి దిగాం. దిగేటప్పుడు అంతా తలకిందులు. బయలుదేరేటప్పుడు తక్కువ, కింద ఆగబోయేటప్పుడు ఎక్కువ. డౌన్ అంటే మైనస్ అనే ముచ్చట అక్కడా బోర్లాపడింది. అమ్మాయిలు ప్రతిసారీ “తగ్గింది, తగ్గింది” అని చప్పట్లు. మూడోసారి ఇన్‌ఛార్జి తనే కాంటా పట్టుకున్నాడు. టై సంచిలో ఇరుక్కుంటే కొరియర్ అతను తీసి భుజం మీద వేశాడు.

“స్ప్రింగు కొంచెం లూజుగా ఉందేమోనండీ” అన్నాడు చివరికి.

“లూజుంటే ఆగబోయేటప్పుడే లూజయితదా సార్? నడుమ ఎందుకు కాదు?”

ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. బయటికి వచ్చాక గొంతు తగ్గించి, “సరేనండీ. సారుతో ఇప్పుడు కీ మార్పించడం అంటే పెద్ద పని. ఒక పని చేద్దాం. మీ అమ్మాయికి బోనస్ మార్కు అని ఒకటి కలిపేస్తాం. రేపే మొదటి సెక్షన్‌లో కూర్చుంటుంది. సరేనా?” అన్నాడు.

పిల్ల మొహం వెలిగిపోయింది. నేను వద్దన్నాను.

“తాతా!”

“బోనస్ అంటే ఏంది సార్? పాపం ముసలోడు వచ్చి గోల చేసిండని వేసేదా? ఆ పిల్ల సరైన జవాబు రాసింది. కీ తప్పు అని రాసియ్యండి.”

“ఒప్పుకోరాదు తాతా! నీకు దండం పెడ్త!”

“నువ్వు రాసింది రైటా తప్పా? గది చెప్పు ముందుగాల.”

“రైటే! అయితే ఏంది? ఇంక నాలుగు రోజులే ఉన్నది!”

నిజమే, నెలాఖరుకి నాలుగు రోజులే ఉంది. నేను మాత్రం మూడో ఉత్తరం జేబులోంచి తీసి, ఆ సీనియర్ సారుకే ఇవ్వమని ఇన్‌ఛార్జి చేతిలో పెట్టి, కాంటా భుజాన వేసుకుని వచ్చేశాను. ఉత్తరంలో రెండే మాటలు. అయ్యా, మీరు ఒక్కసారి మీ లిఫ్టు ఎక్కి పైన ఆగబోయేటప్పుడు కళ్లు మూసుకోండి. ఏమనిపించిందో అదే కీలో రాయండి.

ఇంటికి వస్తుంటేనే నా ధైర్యం సగం అయింది. చేతికొచ్చిన సీటు, నా పంతం కోసం వదిలేశాను. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లేది, “తాతా, చాయ్” అని కూడా అనకుండా. కూతురు ఒక్క మాట అన్నది, “బాపూ, మార్కు ఎట్లొస్తే ఏందే, రానీయక పోతివి.” గోడకి తగిలించిన క్యాలెండరు వైపు చూడటం మానేశాను. ఇన్‌ఛార్జిని కలిసి, సరే, ఆ బోనస్సే ఇవ్వండి అని అడుగుదామని మూడో రోజు పొద్దున చొక్కా వేసుకున్నాను కూడా. గుండీలు పెట్టుకుని కాసేపు నిలబడి మళ్లీ విప్పేశాను. తర్వాత మళ్లీ వేసుకున్నాను. బస్సు స్టాపు దాకా పోయి అక్కడ కూర్చుని రెండు బస్సులు వదిలేశాను.

సాయంత్రం పిల్ల వచ్చి సంచిలోంచి ఒక కవరు తీసి నా ఒళ్లో పడేసింది. “చదువు తాతా, గట్టిగ చదువు” అని ఎదురుగా కింద కూర్చుంది. వాళ్ల సెంటరు కాగితమే, కానీ రాత చేతిది. గట్టిగానే చదివాను.

“పెద్దలకు నమస్కారం. మీ ఉత్తరాలు మూడూ నిన్ననే నాకు అందాయి. మీరు చెప్పినట్టే లిఫ్టు ఎక్కి కళ్లు మూసుకున్నాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. జవాబు ‘తక్కువ’. కీ తప్పు. ఆ ప్రశ్న తయారు చేసింది నేనే. ‘పైకి’ అన్న మాట దగ్గరే ఆగిపోయి ‘ఎక్కువ’ అని పెట్టేశాను, ‘ఆగబోతున్న’ అన్న మాట చూడలేదు. నాలుగేళ్లుగా ఇదే ప్రశ్న, ఇదే కీ. ఇన్నాళ్లలో ఒక్కరూ అడగలేదు. కీ ఈరోజు మార్చాం. ‘ఎక్కువ’ అని రాసినవాళ్లకు మార్కు తీసేస్తున్నాం, వాళ్ల తల్లిదండ్రులకు నేనే చెప్పుకుంటాను. షార్ట్‌కట్ మాత్రం మానలేనండీ, పిల్లలకు ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. కాకపోతే ఇకనుంచి పైకీ కిందకీ అని చెప్పను, వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని ముందు అడగమంటాను. మీ మనవరాలికి వేసింది బోనస్ మార్కు కాదు, తన మార్కే. రేపటి నుంచి మొదటి సెక్షన్‌లో కూర్చోవాలి. వేళకు పంపించండి, ఎనిమిదికి తలుపు వేసేస్తాను.”